ఫోన్ లింక్ వాడినాక నా మాట: టింగుమనే మోత ఆపితే చాలదప్పా, మెసేజ్‌నే ఆపాల

మా ఆవిడ పిన్ని పుత్తూరు నుంచి వచ్చి అంగట్లో కౌంటర్ ముందర స్టూలు మీద కూర్చోని మనవరాలి ఆధార్ ప్రింట్ కోసం చూస్తా ఉండాది. నేను ప్రింటర్లో పేపర్ పెడతా ఉండా. అప్పుడు ఆమె వైపు తిప్పిపెట్టిన మానిటర్లో, కింద కుడి మూల, టింగ్ అని ఒక నల్ల డబ్బా పైకి లేచింది. బ్యాంకు మెసేజ్. మామూలుగా ఇంగ్లీషులో వచ్చి చచ్చేది, ఆ రోజు మాత్రం చక్కగా తెలుగులో, బంగారు ఆభరణాల రుణం, వడ్డీ కట్టాల్సిన గడువు, చివర్లో ఎంత కట్టాలో అంకెతో సహా. అయిదారు సెకన్లు నిలబడి మళ్ళీ కిందికి దిగిపోయింది. ఆమెకి ఆ అయిదారు సెకన్లు చాలు.

"ఏమల్లుడా, గాజులు బ్యాంకులో పెట్టినావా?"

నేను ప్రింటర్ మూత తీసి మూసి, తీసి మూసి, ఏదో పేపర్ ఇరుక్కున్నట్టు నటించినా. "అది యాడ్ అత్తా, ఊరికే అందరికీ వస్తాయి" అని చెప్పినా. ఆమె మారు మాట్లాడలే. ప్రింట్ తీసుకోని, పది రూపాయలు వద్దన్నా బల్ల మీద పెట్టి పోయింది. ఆమె బస్సెక్కి పుత్తూరు చేరే లోపలే మా ఆవిడ ఫోన్‌కి వాళ్ళమ్మ ఫోను. గాజులు పెట్టిన సంగతి మా ఆవిడకి తెలుసు, ఇద్దరం కలిసే పోయి పెట్టినాం, కలర్ ప్రింటర్ కోసం. కానీ వాళ్ళింట్లో తెలియదు. ఆ గాజులు వాళ్ళమ్మ పెట్టినవి. మిగతాది మీరే ఊహించుకోండి, నేను రాయను.

కాబట్టి ఈ రివ్యూ రాస్తా ఉండేది ఫోన్ లింక్ అనే దాని గురించి, ఫోన్లో వచ్చే మెసేజ్‌లు, ఫోటోలు కంప్యూటర్లో చూపించే యాప్ అది. యాప్‌ని తిట్టడానికి కాదు. యాప్ చెప్పింది చెప్పినట్టు చేసింది, నేనే దానికి ఏం చెప్పినానో నాకు తెలియకుండా వాడినా. నాలాగా అంగట్లో సిస్టం పెట్టుకున్నోళ్ళు, ఇంట్లో పిల్లోళ్ళతో పాటు ఒకే ల్యాప్‌టాప్ వాడేవాళ్ళు చదివితే కొంచెం ఉపయోగం.

ముందు మా అంగడి సంగతి. తిరుపతి రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం ఉంది కదా, దాని పక్క సందుల్లో ఒక దాంట్లో మాది. జిరాక్సు, ప్రింటు, స్కానింగు, బస్సు టికెట్లు, ట్రైన్ టికెట్లు, కొండ మీదికి పోయేవాళ్ళ దర్శనం టికెట్ల ప్రింట్లు. రైలు దిగినోళ్ళు సగం మంది సెల్లులో టికెట్ చూపించి "అన్నా ఇది ప్రింట్ తీసియ్యి" అనేవాళ్ళే. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా వదిలే రోజు పొద్దున పది గంటలకి మా సందులో నెట్ ఉన్న ప్రతి అంగట్లోనూ ఒకటే హడావిడి, పేరు, వయసు, ఆధార్ నంబర్ కొట్టేసరికి కోటా అయిపోతాది. ఒక్క అంకె తప్పు కొట్టినా మళ్ళీ అక్కడ క్యూలో వాళ్ళు ఇబ్బంది పడతారు, అందుకే ఇంకో మానిటర్ కొని కస్టమర్ వైపుకి తిప్పి పెట్టినా, వాళ్ళ పేరు వాళ్ళే చూసుకోని సరేననాల, అప్పుడే నేను ముందుకి పోతా. ఐడియా బాగానే ఉంది కదా. ఆ మానిటరే నా కొంప ముంచింది.

ఫోన్ లింక్ పెట్టింది మా బామ్మర్ది. మద్రాసులో సాఫ్ట్‌వేర్. నిరుడు పండక్కి వచ్చినప్పుడు నేను గంటకి నలభై సార్లు ఫోన్ తీసి చూడటం చూసి, "ఏం బావా, డబ్బులు పడినాయా లేదా చూడ్డానికే నీకు సగం రోజు పోతాంది" అని కూర్చోని పెట్టేసినాడు. నిజమే, పది రూపాయల జిరాక్స్‌కి కూడా జనం ఫోన్‌లోనే కొడతారు, కొట్టి "పోయింది అన్నా" అంటారు, పోయిందా లేదా నేను చూసుకోవాల, నా ఫోనేమో లోపల ఛార్జింగులో ఉంటాది. ఇప్పుడా మెసేజ్ నేరుగా స్క్రీన్ మీదకి వస్తే ఫోన్ ముట్టుకోనక్కర్లే. రెండు నిమిషాల పని. కంప్యూటర్లో ఫోన్ లింక్ ఓపెన్ చేసినాడు, ఒక క్యూఆర్ కోడ్ వచ్చింది, ఫోన్లో లింక్ టు విండోస్ అనే యాప్‌తో స్కాన్ చేసినాడు, వరసగా నాలుగైదు పర్మిషన్లు అడిగింది, అన్నిటికీ అలో, అలో, అలో. ఆ అలోలు చదివింది ఎవరు? ఎవరూ చదవలే.

తెలియనోళ్ళకి కొంచెం చెప్తా. ఇది మైక్రోసాఫ్ట్‌ది. 2018లో వచ్చినప్పుడు యువర్ ఫోన్ అని పేరు, 2022లో ఫోన్ లింక్ అని మార్చినారు. విండోస్‌లో ముందే వేసి ఉంటాది, విడిగా కొనే పని లేదు, ఫ్రీ. శాంసంగ్ ఫోన్లు చాలా వాటిల్లో ఆ లింక్ టు విండోస్ యాప్ కూడా ముందే ఉంటాది, వేరే ఆండ్రాయిడ్ అయితే ప్లే స్టోర్‌లో తీసుకోవాల. ఐఫోన్‌కి కూడా 2023లో ఇచ్చినారు కానీ అది బ్లూటూత్ మీద నడిచేది, అన్నీ రావు.

మంచి చెప్పాలంటే నిండా ఉంది. ఓటీపీ వస్తే కాపీ చేసి అతికించుకోవచ్చు, ఫోన్లో చూసి ఆరు అంకెలు గుర్తు పెట్టుకోని ఇక్కడ కొట్టే లోపల మర్చిపోయే నాలాంటోడికి అది వరమే. కస్టమర్‌కి "మీ లామినేషన్ అయింది వచ్చి తీసుకుపోండి" అని కంప్యూటర్ కీబోర్డ్ మీదే తెలుగులో కొట్టి పంపిస్తా ఉంటి. ఫోన్లో తీసిన ఫోటోలు, కొత్తవి రెండు వేల దాకా, కేబుల్ లేకుండా ఇక్కడే కనిపిస్తాయి, పాస్‌పోర్ట్ ఫోటోలు తీసి ప్రింట్ ఇచ్చేటప్పుడు ఎంత టైం మిగిలిందో. కాల్ కూడా మాట్లాడొచ్చంట, నేను వాడలే, అంగట్లో స్పీకర్లో మాట్లాడేంత ఓపిక లేదు. సాధనంగా చూస్తే నాలుగున్నర మార్కులు ఇస్తా అయిదుకి.

కానీ ఫోన్లో వచ్చేది ఒక్క డబ్బుల మెసేజేనా? నా ఫోన్‌కి రోజుకి ఎన్ని వస్తాయో అప్పుడే నాకు తెలిసింది, ఎందుకంటే ఫోన్లో అయితే చూడకుండా వదిలేస్తాం, స్క్రీన్ మీద లేస్తే చూడక తప్పదు. రీఛార్జ్ అయిపోతా ఉంది, డేటా సగం అయిపోయింది, పర్సనల్ లోన్ రెడీగా ఉంది, రమ్మీ ఆడు, ప్లాట్లు వెయ్యి గజాలు రేణిగుంట ఎయిర్‌పోర్ట్ దగ్గర, కరెంట్ బిల్లు, మా చిన్నోడి స్కూల్ ఫీజు బాకీ. ఫీజు బాకీ మెసేజ్ లేచినప్పుడు ముందర కూర్చోని ఉండింది ఎవరో తెలుసా, ఆ స్కూల్లోనే పనిచేసే సారు. ఆయన మంచాయన, మానిటర్ చూడనట్టు ఫ్యాన్ వైపు చూసినాడు. నేను నెలాఖరుకి కట్టేస్తా సార్ అని నేనే అడక్కుండా చెప్పుకున్నా.

అప్పుడన్నా ఆపాల్సింది. ఆపలే. బద్ధకం.

గాజుల రోజు రాత్రి అంగడి మూసే ముందర కూర్చున్నా, ఇంగ ఇది ఆపాల్సిందే అని. విండోస్ పదకొండులో గడియారం దగ్గర నొక్కితే, లేదా విండోస్ బటన్ పట్టుకోని ఎన్ నొక్కితే, కుడి పక్కన నోటిఫికేషన్ల లిస్టు తెరుచుకుంటాది, పైన గంట బొమ్మ ఉంటాది, అదే డు నాట్ డిస్టర్బ్. నొక్కినా. మోత ఆగింది, డబ్బా లేవటం ఆగింది. అబ్బ, ఇంతేనా అనుకోని ఇంటికి పోయి హాయిగా నిద్రపోయినా.

పొద్దున మా అంగట్లో పనిచేసే పిల్లోడు వచ్చి, టైం చూడ్డానికని గడియారం మీద నొక్కినాడు. మొత్తం లిస్టు బయటికొచ్చింది. రాత్రి వచ్చినవి, తెల్లారి వచ్చినవి, అన్నీ వరసగా, పైనుంచి కిందికి. వాడు చదివినాడా లేదా నాకు తెలియదు, గమ్మున మూసినాడు. డు నాట్ డిస్టర్బ్ అంటే రావద్దు అని కాదంట, వచ్చి ఆ గదిలో కూర్చో, తలుపు కొట్టొద్దు అని.

సరే అని ఈసారి ఫోన్ లింక్ లోపలికే పోయినా. పైన గేర్ బొమ్మ, దాంట్లో ఫీచర్స్, దాంట్లో మెసేజెస్ అనే చోట బ్యానర్, అంటే ఆ పైకి లేచే డబ్బా, చూపించాలా వద్దా అని ఉంటాది. తీసేసినా. మా పిల్లోడి ఫోన్ నుంచి "టెస్ట్" అని మెసేజ్ పెట్టించినా. మళ్ళీ టింగ్! నాకు తల తిరిగింది. తీసేసినా కదా, ఎట్లా వస్తాది? రెండు మూడు సార్లు చేసినా, సిస్టం ఆపి పెట్టినా, అయినా టింగే.

ఆ కోపంలో ఒక కంప్యూటర్ సర్వీస్ అంగడికి పోయినా, పేరెందుకు, మా లైన్లోనే ఉండేవాళ్ళు. ఆయన సీపీయూ మీద చెయ్యి కూడా పెట్టకుండా, "వైరస్ అన్నా, ఫార్మాట్ కొట్టాల, ఆరొందలు అవుతాది, సాయంత్రం తీసుకుపో" అన్నాడు. సాయంత్రం దాకా అంగడి మూసుకోని కూర్చుంటే నాకు పోయేది ఆరొందల కన్నా జాస్తి. పైగా, ఇప్పుడు తెలిసి చెప్తా ఉండా, ఫార్మాట్ కొట్టి మళ్ళీ అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, మళ్ళీ అన్నిటికీ అలో అలో కొట్టుంటే, మళ్ళీ అదే కత. రోగం ఒకటి, మందు ఇంకోటి.

మా బామ్మర్ది శనివారం పొద్దున సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో దిగినాడు, స్టేషన్ నుంచి నేరుగా అంగడికే. ఇంటికి పోతే వాళ్ళక్క ఏం అంటాదో అని భయం వాడికి, పెట్టింది వాడే కదా. ఇడ్లీ పొట్లం బల్ల మీద పెట్టి తింటానే సిస్టం ముందర కూర్చున్నాడు.

"బావా, నువ్వు ఆపింది అలర్టు. సింక్ ఆపలేదు. గుడి గంట నాలుకకి గుడ్డ చుట్టినావు, గుడి తలుపులు తెరిచే ఉండాయి."

ఈ ఒక్క మాట నాకు ముందే తెలిసుంటే గాజుల గొడవే ఉండేది కాదు. అలర్ట్ అంటే ఆ టింగు, ఆ డబ్బా. సింక్ అంటే ఫోన్లో ఉన్న మెసేజ్ ఇంకో కాపీగా కంప్యూటర్లో కనిపించటం. మోత లేకపోయినా ఫోన్ లింక్ తెరిచి మెసేజెస్ నొక్కితే దాదాపు నెల రోజుల మెసేజ్‌లు అక్కడ ఉంటాయి, నేను టీ తాగడానికి పోయినప్పుడు కౌంటర్ దగ్గర ఎవరున్నా చదవొచ్చు. నేను మోతతో కొట్లాడతా ఉన్నా, అసలు సంగతి మోతది కాదు.

ఇంగ రెండో చిక్కు, ఆ తీసేసినా వచ్చిన టింగు. దానికి వాడు చూపించింది బలే ఉంది. ఒకే మెసేజ్ రెండు దార్లలో వస్తాది. ఒకటి, మెసేజెస్ అనే ఫీచర్, అది ఫోన్లో ఎస్సెమ్మెస్ చదివే పర్మిషన్ మీద నడుస్తాది. రెండు, నోటిఫికేషన్స్ అనే ఫీచర్, అది ఫోన్లో ఏ యాప్ ఏ నోటిఫికేషన్ చూపించినా దాన్ని అట్లే ఎత్తుకొచ్చి ఇక్కడ చూపిస్తాది, దానికి ఫోన్లో నోటిఫికేషన్ యాక్సెస్ అని వేరే పర్మిషన్. నేను ఒక దారికి అడ్డం పెట్టినా, ఇంకో దారిలో నా ఫోన్లో ఉండే మెసేజ్‌ల యాప్ తాలూకు నోటిఫికేషన్ దర్జాగా వస్తా ఉండాది. రెండూ ఫీచర్స్ అనే చోటే ఒకదాని కింద ఒకటి ఉంటాయి, నేను పైదాకా స్క్రోల్ చేయలే. అక్కడే ఏ యాప్‌వి రావాల ఏవి వద్దు అని ఒక్కోటీ ఎంచుకునే లిస్టు కూడా ఉంది, అంటే మెసేజ్‌ల యాప్ ఒక్కటి తీసేసి మిగతావి ఉంచుకోవచ్చు. ఇది ముందే చూసుంటే సగం పని అయిపోయేది.

వాడు ముందు మెసేజెస్ స్విచ్ పూర్తిగా ఆఫ్ చేసినాడు, బ్యానర్ కాదు, మెసేజ్‌లు చూపించే స్విచ్చే. తర్వాత నోటిఫికేషన్స్‌ది. లిస్టు ఖాళీ అయిపోయింది, ఆ పేజీలో ఆన్ చేసుకోమని ఒక బొమ్మ మాత్రం మిగిలింది. "ఇంతటితో ఆపొచ్చు, కానీ ఇది అంగడి సిస్టం, రేపు ఎవరైనా మళ్ళీ ఆన్ చేస్తే?" అని అసలు లింకే తెంచేసినాడు. సెట్టింగ్స్‌లో మై డివైసెస్ అని ఉంటాది, అక్కడ నా ఫోన్ పేరు పక్కన మూడు చుక్కలు, రిమూవ్. అయినా వాడు లేవలే. ఫోన్ తీసుకోని, లింక్ టు విండోస్ యాప్‌లో కూడా ఆ కంప్యూటర్‌ని తీసేసినాడు, ఆ యాప్‌కి ఇచ్చిన ఎస్సెమ్మెస్ పర్మిషన్, నోటిఫికేషన్ యాక్సెస్ రెండూ వెనక్కి తీసుకున్నాడు. "అద్దెకి వచ్చినోళ్ళకి తాళంచెవి ఇచ్చి, వాళ్ళు ఇల్లు ఖాళీ చేసినాక తాళంచెవి వెనక్కి తీసుకోవా ఏంది?" అన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళు అద్దె ఇళ్ళ సామెతలే చెప్తారు, మద్రాసు అద్దెల మహిమ.

చివరగా విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టం, దాంట్లో నోటిఫికేషన్స్‌కి పోయి లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్లు చూపించే టిక్కు కూడా తీయించుకున్నా. అది నేనే అడిగినా. మధ్యాహ్నం భోజనానికి పోయేటప్పుడు లాక్ చేసి పోతాం, లాక్ చేసినాం కదా అని ధైర్యం, కానీ లాక్ మీద కూడా పైపైన కనిపిస్తా ఉంటాయి.

మళ్ళీ టెస్ట్. వాడి ఫోన్ నుంచి నాకు మెసేజ్ పెట్టినాడు. ఫోన్ మోగింది. ముగ్గురం, నేను, వాడు, మా పిల్లోడు, మానిటర్ కుడి మూల వైపు చూస్తా కూర్చున్నాం, దీపావళికి బాంబు వత్తి అంటించి పేలుతుందా లేదా అని చూసినట్టు. ఏమీ రాలే. ఒక నిమిషం. రాలే. ఇంతకీ మెసేజ్ ఏం పెట్టినాడో చూస్తే "గాజులు ఎప్పుడు బావా".

అయిపోయిందనుకున్నా. ఇంతలో మా పిల్లోడు గొణిగినాడు, "అన్నా, రెండో సిస్టంలో కూడా వస్తాయి కదా." రెండో సిస్టం స్కానింగ్‌కి వాడే పాతది. క్రోమ్ తెరిస్తే పైన బోలెడు ట్యాబులు, దాంట్లో ఒకటి గూగుల్ మెసేజెస్. ఇది వేరే బాపతు, ఫోన్ లింక్‌తో సంబంధమే లేదు. ఎప్పుడో, లింక్ పెట్టక ముందే, ఒక మెసేజ్‌లోని పెద్ద అడ్రస్ కాపీ చేసుకోడానికి ఫోన్‌తో క్యూఆర్ కోడ్ కొట్టి జత చేసినా, ఆ కంప్యూటర్‌ని గుర్తుపెట్టుకో అనే దానికి కూడా సరే కొట్టినట్టున్నా, తర్వాత మర్చిపోయినా. అది మర్చిపోలే. ఇన్నాళ్ళూ నా మెసేజ్‌లన్నీ ఆ ట్యాబులో పేరుకుంటానే ఉండాయి, స్కానింగ్‌కి వచ్చినోళ్ళు పెన్ డ్రైవ్ పెట్టుకోడానికి కూర్చునే సిస్టం అది!

దీనికి కంప్యూటర్లో ట్యాబు మూస్తే లాభం లేదు. ఫోన్లోనే ఆపాల. ఫోన్లో గూగుల్ మెసేజెస్ తెరిచి, పైన మన ఫోటో బొమ్మ నొక్కితే డివైస్ పెయిరింగ్ అని ఉంటాది, దాంట్లో ఏయే కంప్యూటర్లకి జత చేసినామో లిస్టు వస్తాది. నాది చూస్తే ఒకటి కాదు, రెండు. ఒకటి ఈ సిస్టం, ఇంకోటి ఏదో నాకే గుర్తు లేదు, బహుశా మా చిన్నాన్న ఇంట్లో ల్యాప్‌టాప్ అయ్యుండాల. రెండూ తీసేసినా. ఇది చదువుతా ఉండే ప్రతి ఒక్కరూ, ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, ఇప్పుడే అది తెరిచి ఆ లిస్టు చూసుకోండి, రవ్వంత పని. ఆ చేత్తోనే వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ కూడా చూడండి. నెట్ సెంటర్ నడిపేవాడిని చెప్తా ఉండా, ప్రింట్ కోసం వాట్సాప్ వెబ్ లాగిన్ అయి, ప్రింట్ తీసుకోని, లాగౌట్ అవకుండా పోయేవాళ్ళు వారానికి ఇద్దరైనా ఉంటారు. నేను చూసిన వెంటనే తీసేస్తా. అందరూ తీసేస్తారని గ్యారంటీ ఏముంది?

మోత ఒక్కటే ఆపాలంటే, అంటే మెసేజ్‌లు కంప్యూటర్లో కావాల కానీ టింగు వద్దు అనుకునేవాళ్ళకి, ఈ గూగుల్ మెసేజెస్‌లో పని సులువు. క్రోమ్‌లో ఆ సైటు అడ్రస్‌కి ఎడమ పక్కన ఉండే చిన్న బొమ్మ నొక్కితే నోటిఫికేషన్స్ అనేది ఆపేయొచ్చు, అంతే.

ఆపిల్ వాడేవాళ్ళ సంగతి నాకు అంతగా తెలియదు, మా సందులో మ్యాక్‌బుక్ కనిపించేది ఎప్పుడో ఒకసారి. మొన్న బెంగళూరు నుంచి దర్శనానికి వచ్చిన ఒక పాప టికెట్ ప్రింట్ కోసం మ్యాక్‌బుక్ తెరిస్తే దానికీ ఇదే బాధ, టికెట్ పీడీఎఫ్ మీద టపటపా మెసేజ్‌లు. నేను నా కత చెప్పి, ఆపింది అలర్టా సింకా అని పెద్ద తెలిసినోడి మాదిరి అడిగినా. ఆమే వెతికి పట్టుకునింది. ఐఫోన్లో సెట్టింగ్స్‌లో యాప్స్, దాంట్లో మెసేజెస్ (పాత వెర్షన్లలో సెట్టింగ్స్‌లో నేరుగా మెసేజెస్), దాంట్లో టెక్స్ట్ మెసేజ్ ఫార్వార్డింగ్, అక్కడ ఆ మ్యాక్ పేరుకి ఎదురుగా ఉన్న స్విచ్ ఆఫ్ చేస్తే మామూలు ఎస్సెమ్మెస్‌లు మ్యాక్‌కి పోవటం ఆగుతాది. ఐమెసేజ్‌లు, అంటే ఆపిల్ వాడేవాళ్ళు వాళ్ళలో వాళ్ళు పంపుకునేవి, వేరే, అవి ఆపిల్ అకౌంట్ మీద వస్తాయి, వాటికి మ్యాక్‌లో మెసేజెస్ సెట్టింగ్స్‌లోకి పోయి సైనౌట్ అవ్వాల. అక్కడ కూడా రెండు దార్లు చూడండి, ఊరంతా ఒకటే కత.

ఇంకో చిన్న మాట. అసలు యాడ్ మెసేజ్‌లే తగ్గితే సగం గోల పోతాది కదా అని బామ్మర్ది 1909 కి ఫుల్లీ బ్లాక్ అని ఇంగ్లీషులో మెసేజ్ పెట్టించినాడు, అది టెలికాం కంపెనీల మీద ఉండే ట్రాయ్ వాళ్ళ డీఎన్డీ, యాడ్ మెసేజ్‌లు నాకొద్దు అని రాయించుకునేది. ఓటీపీలు, బ్యాంకు మెసేజ్‌లు దీంతో ఆగవు, అవి రావాల్సిందే. ఇప్పుడు కంపెనీల మెసేజ్ పంపినోడి పేరు చివర్లో ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాది చూసినారా, పీ ఉంటే ప్రచారం, టీ ఉంటే లావాదేవీ, ఎస్ ఉంటే సర్వీసు, జీ ఉంటే గవర్నమెంటు. నాకిది తెలిసినాక పీ అని చూస్తానే చదవకుండా తీసేస్తా ఉండా.

ఇప్పుడు నా ఏర్పాటు ఏందంటే, అంగట్లో రెండు సిస్టముల్లోనూ ఫోన్ లింక్ లేదు, గూగుల్ మెసేజెస్ లేదు. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో మాత్రం ఫోన్ లింక్ మళ్ళీ పెట్టుకున్నా, ఈసారి ఒక్కో పర్మిషన్ చదివి, ఫోటోలకి అలో, మెసేజ్‌లకి అలో, నోటిఫికేషన్లకి వద్దు. అక్కడ చూసేది నేను, మా ఆవిడ, ఆమెకి తెలియని అప్పులేవీ ఇప్పటికి లేవు. మరి డబ్బులు పడినాయా లేదా తెలిసేది ఎట్లా అంటారా, అందరి మాదిరే స్పీకర్ డబ్బా తెచ్చిపెట్టినా, అది "పది రూపాయలు అందాయి" అని సందంతా వినేటట్టు అరుస్తాది. పది వస్తే పది అంటాది, అంతకు మించి నా సంసారం గురించి దానికి ఏమీ తెలియదు. ఆ లెక్కన దానికి అయిదుకి అయిదు.

ఫోన్ లింక్‌కి నాలుగు. ఒక అర మార్కు ఎందుకు తగ్గించినా అంటే, పెట్టుకునేది రెండు నిమిషాలు, పూర్తిగా తీసేసేది కంప్యూటర్లో కొంత, ఫోన్లో కొంత. ఒక్క చోటే "అన్నీ ఆపు" అని ఒక బటన్ ఉంటే నాలాంటోళ్ళకి బాగుంటాది. సొంత కంప్యూటర్ ఉండి, గదిలో ఒక్కరే కూర్చోని పని చేసుకునేవాళ్ళు అయితే కళ్ళు మూసుకోని పెట్టుకోవచ్చు. కస్టమర్ వైపు మానిటర్ తిప్పే అంగళ్ళోళ్ళు మాత్రం వద్దప్పా.

పోయిన వారం అత్త మళ్ళీ వచ్చింది, ఈసారి కొండకి పోయే బస్సు కోసం స్టేషన్ దగ్గర దిగి, టైముందని. స్టూలు లాక్కోని కూర్చునింది. ఆమె దర్శనం టికెట్ ప్రింట్ పెట్టినా, పేరు, వయసు సరిగ్గా ఉండాయా చూడు అత్తా అని మానిటర్ చూపించినా. ఆమె పేరు చూడలే. కింద కుడి మూల చూస్తా ఉండాది.

"ఇప్పుడేం రావటం లేదే అల్లుడా ఆడ?"

"రాదత్తా, తీసేసినా."

"గాజులు తీసినావా, అది తీసినావా?"

నేను ప్రింటర్ మూత తెరిచినా.